కేసు నడుస్తున్నా మనసు చెడకుండా ఉండాలంటే

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. పొలానికి వెళ్ళే బండిబాట విషయంలో మా ఇంటికీ దాయాదుల ఇంటికీ మొదలైన తగాదా నిరుడు వేసవిలో కొట్లాట దాకా వచ్చింది. మా మరిదికి చేయి విరిగింది, అవతలివాళ్ళకూ దెబ్బలు తగిలాయి. రెండువైపులా కేసులు పెట్టుకున్నాం. ఊరు రెండుగా చీలిపోయి, ధర్మరాజుల గుడిలో ఏటా జరిగే భారతం కూడా ఈ ఏడు ఆగిపోయింది. దాయాదుల ఇంటి కోడలిని నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి అక్కా అని పిలిచేదాన్ని. నా తొలికాన్పు తర్వాత పథ్యం వండి పెట్టింది ఆమే. ఇప్పుడు పాల కేంద్రం దగ్గర ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటున్నాం. పోయిన నెల వాళ్ళ చిన్నబ్బాయికి డెంగ్యూ వచ్చి తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చారని విన్నప్పుడు నాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనేమైపోతున్నానో అని భయంగా ఉంది. పదేళ్ల మా అబ్బాయి నోట కూడా ఆ ఇంటి పిల్లల మీద తిట్లు వస్తున్నాయి. దానికి తోడు మా ఫిర్యాదులో కొట్టినవాళ్ళతో పాటు దాయాదుల ఇంటి పెద్దమామ పేరు కూడా రాయించారు. ఆయన ఆ రోజు కొట్టవద్దని అరుస్తూ అడ్డం వచ్చిన మనిషి. నేను సాక్షిని. ఆయన కూడా కొట్టాడని చెప్పమని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. కేసు వదిలేసి రాజీ పడడమే మంచితనమని ఊరి పెద్దలు అంటున్నారు. రాత్రిళ్ళు ఫోన్‌లో యుద్ధాల దృశ్యాలు చూస్తుంటాను. బాంబులు పడేచోట కూడా మనుషులు ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారు. వాళ్ళకు ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? నాకు ఎందుకు లేదు?

– ఒక సోదరి, చిత్తూరు జిల్లా

సమాధానం:

అమ్మా,

పసివాడి జబ్బు గురించి విన్నప్పుడు కలిగిన సంతోషాన్ని మీరు దాచుకోకుండా రాశారు. ముందుగా దాని గురించే చెబుతాను, మీ మిగిలిన ప్రశ్నలన్నీ అక్కడి నుంచే పుట్టాయి కాబట్టి. ఏడాదిగా ఆ ఇంటి వైపు నుంచి మీ ఇంటికి వచ్చినవి దెబ్బలు, స్టేషను చుట్టూ తిరగడం, వాయిదాలు, ఖర్చులు. ఇంత జరిగాక అవతల ఏ నష్టం జరిగినా మన బాకీ కొంత తీరినట్టు మనసుకు తోస్తుంది. ఆ నష్టం ఎవరి మీద పడిందో చూడడానికి అది వెంటనే ఆగదు. ఇది మీ ఒక్కరిలో ఉన్న దోషం కాదు. తగాదా ఎక్కువకాలం సాగిన ప్రతిచోటా ఒక్కొక్కరికీ ఉన్న పేరు, వయసు, వరస చెరిగిపోయి అందరూ కలిసి "వాళ్ళు" అయిపోతారు. అక్క, పెద్దమామ, చిన్నబ్బాయి అని వేర్వేరుగా ఉన్న మనుషులు అలా ఒకటైపోయాక, వారిలో ఎవరికి దెబ్బ తగిలినా ఒకటే అనిపిస్తుంది. ఆ రాత్రి మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం, ఆ చిన్నబ్బాయి మీకు మళ్ళీ విడిగా, పసివాడిగా కనిపించడమే. మనసులోకి వచ్చే ప్రతి భావానికీ మనం బాధ్యులం కాము. దాన్ని మాటగానో పనిగానో మార్చామా లేదా అన్నదానికే బాధ్యులం. ఆ క్షణాన్ని పట్టుకుని మిమ్మల్ని మీరు శిక్షించుకోవడం వల్ల ఆ అబ్బాయికి గానీ మీకు గానీ మేలు లేదు.

మీ ఇంట్లోవాళ్ళూ ఊరి పెద్దలూ ఎదురెదురు మాటలు చెబుతున్నట్టు కనిపిస్తున్నా, ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒకటే. న్యాయం కావాలంటే నిర్దోషిని కూడా పగవాడిగానే చూడాలని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారు. పగ వద్దనుకుంటే న్యాయాన్ని కూడా వదులుకోవాలని పెద్దలు అనుకుంటున్నారు. నేను రెండింటినీ ఒప్పుకోను. మీ మరిదికి చేయి విరిగింది, విరిచినవారు దానికి జవాబు చెప్పుకోవాలి. అలా అడగడం పగ కాదు, మనుషులు ఒకచోట కలిసి బతకడానికి అది అవసరం. మంచితనం పేరుతో దెబ్బ తిన్నవాడి నోరు మూయించిన చోట శాంతి నిలిచినట్టు నేను ఎక్కడా చూడలేదు; పైకి చల్లారినట్టున్న కోపం మరో ఏడు మరో గట్టు దగ్గర బయటపడుతుంది.

అందువల్ల కేసు విషయంలో మీరు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని చెబుతాను. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. బండిబాట తగాదా సివిల్ వ్యవహారం కాబట్టి దాన్ని లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. అక్కడ ఇరుపక్షాలూ ఒప్పుకుని రాసుకున్న తీర్పుకు సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కొట్లాట కేసు వేరు. అందులో రాజీ కుదరాలంటే దెబ్బ తిన్న మనిషి స్వయంగా ఒప్పుకోవాలి, ఎముక విరిగిన గాయమైతే కోర్టు అనుమతి కూడా కావాలి, కొన్ని సెక్షన్ల కింద అయితే రాజీ అసలు కుదరదు. అంటే, ఆ నిర్ణయంలో మొదటి మాట మీ మరిదిది. రచ్చబండ దగ్గర కూర్చున్నవారిది కాదు, మీది కూడా కాదు. మంచితనం కోసం మీరు ఆ భారాన్ని నెత్తిన వేసుకోవలసిన పని లేదు. బాట విషయంలో సర్దుకుని, చేయి విరిచిన విషయంలో మాత్రం చట్టం తన పని చేయనివ్వడం కూడా ఒక దారే. రెండింటినీ ఒకే మూటగా కట్టి ఉంచాలని ఎవరైనా పట్టుబడితే, దానివల్ల ఎవరికి లాభమో ఒకసారి ఆలోచించండి.

ఇక పెద్దమామ సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైనది ఇదేనని నేను అనుకుంటున్నాను. నింద పడినవాడు కాణిపాకం వెళ్ళి, కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చేయడం మన జిల్లాలో తరతరాలుగా ఉన్న ఆచారం. పోలీసులకు భయపడనివాడు కూడా అక్కడ అబద్ధం చెప్పడానికి జంకుతాడని పెద్దలు చెబుతారు. కోర్టు బోనులో మీరు చేయబోయేదీ ప్రమాణమే. న్యాయస్థానంలో తెలిసి తెలిసి అబద్ధపు సాక్ష్యం చెప్పినవారికి భారతీయ న్యాయ సంహిత ప్రకారం 7 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఇంట్లోవాళ్ళకు ఇది కూడా చెప్పండి: నిజంగా కొట్టినవారి పేర్ల పక్కన కొట్టని మనిషి పేరు చేర్చడం వల్ల కేసు గట్టిపడదు. అవతలి వకీలు అడ్డుప్రశ్నల్లో ఆ ఒక్క పేరును పట్టుకుని లాగితే, మీరు చెప్పిన నిజాల మీద కూడా అనుమానం వస్తుంది. మీ మరిదికి జరిగిన అన్యాయాన్ని నిలబెట్టడానికే ఆ అబద్ధం అడ్డంకి అవుతుంది.

అయితే చట్టానికి భయపడి మాత్రమే నిజం చెప్పమని నేను అనడం లేదు. ఆ ముసలాయన కొట్టాడని మీరు ఒకసారి ప్రమాణం చేసి చెబితే, తర్వాత మీ మనసులో ఏం జరుగుతుందో ఆలోచించండి. ఆయన ఎదురుపడిన ప్రతిసారీ, ఆయన కొట్టకపోయినా కొట్టించి ఉంటాడనో, లోపల సంతోషించి ఉంటాడనో మీకు మీరే చెప్పుకోవలసి వస్తుంది. లేకపోతే చేసిన తప్పు కళ్ళెదుట నిలబడుతుంది. మనకు అన్యాయం చేసినవారిని ఎప్పటికైనా క్షమించగలమేమో గానీ, మనం అన్యాయం చేసినవారిని ద్వేషించకుండా ఉండడం చాలా కష్టం. పగ అలాగే పెరుగుతుంది. అందుకే ఇంట్లో గొడవకు దిగకుండా, ఒకే మాట చెప్పండి: "మరిదిని కొట్టినవాళ్ళ గురించి చూసినదంతా చెబుతాను, ఒక్క మాట కూడా తగ్గించను. పెద్దమామ గురించి కూడా చూసిందే చెబుతాను." మీ భర్తకు ముందుగా, ఎవరూ లేనప్పుడు చెప్పండి. నలుగురిలో చెబితే ఆయన మీ మాట కంటే తన పరువు గురించి ఎక్కువ ఆలోచించవలసి వస్తుంది.

యుద్ధాల్లో మనుషులకు బలం ఎక్కడి నుంచి వస్తుందని అడిగారు. ఫోన్‌లో మీరు చూస్తున్న మనుషులు వేరే మట్టితో చేసినవారు కారు. ముట్టడిలో ఉన్న నగరాల్లో దొంగబజార్లు నడిపినవారు, పొరుగువారిని పట్టించినవారు కూడా ఉన్నారు. పల్లెలోని బాట తగాదాను యుద్ధంతో సమానం చేయడం కూడా సరికాదు. అయినా అక్కడ నిలబడినవారిని చూస్తే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. వాళ్ళు ప్రతి ఉదయం కొత్తగా ధైర్యం తెచ్చుకోలేదు. కొన్ని పనులు చేయకూడదనీ, కొన్ని పనులు మానకూడదనీ ముందే తేల్చుకుని, ఆ తర్వాత వాటి గురించి మళ్ళీ తర్కించుకోవడం మానేశారు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్ నగరాన్ని 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా ముట్టడించింది. తొలి చలికాలంలో పనిలో లేని పెద్దలకూ పిల్లలకూ రోజుకు ఇచ్చిన రొట్టె 125 గ్రాములు. ఆ నగరంలో నికొలాయ్ వవిలోవ్ అనే శాస్త్రవేత్త ప్రపంచమంతా తిరిగి సేకరించిన విత్తనాల భాండాగారం ఉంది. ఆయనను అప్పటికే సొంత ప్రభుత్వమే జైలులో పెట్టింది. 1943లో ఆయన అక్కడే చనిపోయాడు. ఆయన సహచరులు మాత్రం ఆ గోధుమలను, వరిని, చిక్కుళ్ళను ఎలుకల నుంచీ చలి నుంచీ ఆకలిగొన్న తమ చేతుల నుంచీ కాపాడారు. వారిలో పలువురు ఆకలితో చనిపోయారు. వరి విత్తనాలను చూసుకునే ద్మిత్రీ ఇవానోవ్ వేలాది వరి పొట్లాల మధ్య తిండి లేక ప్రాణం విడిచాడు. కరువు సంవత్సరంలో కూడా విత్తనానికి దాచిన వేరుశనగ కాయల మూట విప్పని మన రైతుకు ఆ మనిషి ఏం చేశాడో వేరే వివరించనక్కరలేదు. ఆ మూట విప్పాలా వద్దా అని రైతు రోజూ ఆలోచించడు, అది విత్తనం కాబట్టి దాని జోలికి పోడు, అంతే. పెద్దమామ గురించిన నిజం మీ ఇంట్లో అలాంటిది కావాలని నా కోరిక.

బోస్నియాలోని సరయేవో నగరం 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా ముట్టడిలో ఉంది. చుట్టూ కొండల మీద నుంచి తుపాకులు గురిపెట్టి ఉండగా జనం బీరు కర్మాగారం దగ్గరి ఊటకు వెళ్ళి డబ్బాలతో నీళ్ళు తెచ్చుకున్నారు, నేలమాళిగల్లోనూ మెట్ల కిందా పిల్లలకు బడి నడిపారు. 1992 ఆగస్టులో జాతీయ గ్రంథాలయం మంటల్లో ఉండగా కాల్పుల మధ్యనే ఉద్యోగులూ నగరవాసులూ పుస్తకాలు బయటికి మోశారు. వీటిలో ఏ ఒక్కటీ యుద్ధాన్ని ఆపలేదు. కానీ నీళ్ళు, చదువు, పుస్తకం ఉన్న రోజు మనిషికి తాను ఎవరో గుర్తుచేస్తుంది. మీకు ఆవులున్నాయి, పొలముంది, పిల్లవాడి చదువు ఉంది. ఏడాదిగా వాయిదాల చుట్టూ తిరుగుతూ వీటిలో ఏది వదిలేశారో చూసుకుని, ఒకదాన్ని తిరిగి చేతిలోకి తీసుకోండి. బలం కావాలని ఎదురుచూస్తూ కూర్చుంటే అది రాదు, పని చేస్తుండగా వస్తుంది.

ఇంకొకటి మీ అక్క కొడుకు విషయానికి దగ్గరగా ఉంటుంది. 1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరీనో దగ్గర ఫ్రెంచి, సార్డీనియా సైన్యాలకూ ఆస్ట్రియా సైన్యానికీ యుద్ధం జరిగింది. గాయపడినవారు వేలాదిగా పక్క ఊరైన కాస్తిగ్లియోనేకు చేరారు. ఆ ఊరి స్త్రీలు తమవైపు సైనికులకూ శత్రు సైనికులకూ ఒకేలా నీళ్ళిచ్చి, గాయాలు కడిగి కట్టు కట్టారు. అందరూ అన్నదమ్ములేనని వారు అన్నారట. వ్యాపారం పని మీద వచ్చి ఆ దృశ్యం చూసి వారితో కలిసి పనిచేసిన హెన్రీ డ్యునాంట్ పట్టుదల నుంచి రెడ్‌క్రాస్, 1864 నాటి మొదటి జెనీవా ఒప్పందం వచ్చాయి. ఆ స్త్రీలు యుద్ధంలో తప్పు ఎవరిదో తేల్చలేదు, సంధి కుదిరేదాకా ఆగలేదు. గాయపడి పడిపోయినవాడు ఇక శత్రువు కాడన్న ఒక్క సంగతిని పట్టుకున్నారు. ఆ మాట తర్వాత దేశాల మధ్య చట్టమైంది. ఇప్పటికీ దాన్ని తొక్కేసేవారున్నారు, మీరు ఫోన్‌లో చూస్తున్నది చాలావరకు అదే. కానీ అది తప్పని చెప్పడానికి ఒక గీత ఉందంటే, ఆ గీతకు మొదలు ఆ ఊరి ఆడవాళ్ళ దగ్గరే ఉంది.

మీ ఊరి భారతం ఆగిపోయిందని రాశారు, దానికి నాకూ బాధ కలిగింది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, దుర్యోధన వధ జరిగాక ఊరంతా పసుపు బట్టలతో అగ్నిగుండం తొక్కడం – మన పల్లెల్లో పోరు గురించీ పోరు తర్వాతి దుఃఖం గురించీ జనం కలిసి ఆలోచించే చోటు అదే. ఆ గుడిలో మీరు మొక్కే ద్రౌపదమ్మ గురించి భాగవతంలో ఒక ఘట్టం ఉంది. నిద్రపోతున్న ఆమె అయిదుగురు కొడుకులను అశ్వత్థామ చంపాడు. అర్జునుడు అతణ్ణి కట్టి తెచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. నేను ఏడుస్తున్నట్టు ఇతని తల్లి కృపి ఏడవకూడదని ద్రౌపది అంది. భీముడు ఒప్పుకోలేదు. చివరికి అతని ప్రాణం తీయకుండా, శిరోజాలు కోసి, తలమీది మణి తీసుకుని వెళ్ళగొట్టారు. అతడు నిర్దోషి అని ఆమె అనలేదు, అతనికి శిక్ష పడకుండానూ పోలేదు. ఆమె చేసినదల్లా, ఆ హంతకుడి వెనక అతని తల్లిని చూడడం. మీ ఎదుట ఉన్నవాడు హంతకుడు కాదు, జ్వరంతో పడుకున్న పిల్లవాడు. అతని తల్లి మీకు పథ్యం వండి పెట్టిన మనిషి.

ఈపాటికి ఆ అబ్బాయి ఇంటికి వచ్చి ఉండవచ్చు. పాల కేంద్రం దగ్గర ఆమె కనిపించినప్పుడు, "పిల్లోడు ఎట్లుండాడక్కా?" అని అడగండి. అంతకంటే ఎక్కువ వద్దు. కేసు మాట ఎత్తవద్దు, పండ్లు తీసుకుని ఇంటికి వెళ్ళవద్దు. ఈ పరిస్థితుల్లో దాన్ని వాళ్ళూ మీవాళ్ళూ కూడా సాక్ష్యం కోసం బుజ్జగింపు అనుకునే ప్రమాదం ఉంది. ఆమె జవాబు చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఆమెకూ ఇంట్లో మీలాంటి చిక్కులే ఉంటాయి. మీరు అడిగింది ఆమె జవాబు కోసం కాదు కాబట్టి, అది మీకు ఓటమి కాదు. అటువైపు నుంచి బెదిరింపులు ఉంటే మాత్రం ఒంటరిగా మాట్లాడే ప్రయత్నం చేయకండి, పోలీసులకు తెలపండి. జబ్బు, చావు, తాగునీరు, పిల్లల బడి – వీటి జోలికి మన తగాదా పోకూడదని మీ భర్తతో మాట్లాడి ఒప్పించగలిగితే, అవతలివాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీ ఇంటి వరకు ఆ నియమం పాటించండి.

మీ అబ్బాయి దగ్గర నిజాన్ని దాచవలసిన పని లేదు. చిన్నాన్నను కొట్టినవాళ్ళు ఎవరో వాడికి తెలుసు, వారు చేసింది తప్పని మీరూ చెప్పండి. కానీ ఆ ఇంటివాళ్ళందరూ అంతే, ఆ రక్తమే అంత అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోట వచ్చినా అక్కడికక్కడే ఆపండి. ఆ రోజు అడ్డం వచ్చి కొట్టవద్దని అరిచింది ఎవరో కూడా వాడికి చెప్పండి. ఆ సంగతి వాడికి ఇప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు.

రాత్రిపూట యుద్ధాల దృశ్యాలు చూడడం కొన్నాళ్ళు మానండి. వాళ్ళ బాధ పట్టించుకోవద్దని కాదు, నిద్ర లేని మనిషి ఎవరి విషయంలోనూ న్యాయంగా ఉండలేడు. నిద్ర ఇంకా పట్టకపోతే, దిగులు తగ్గకపోతే, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు ఉండదు.

వాయిదాకు ముందు ప్రభుత్వ న్యాయవాదిని కలిసి, పోలీసుల దగ్గర మీ పేరుతో నమోదైన వాంగ్మూలంలో ఏముందో అడిగి తెలుసుకోండి. అందులో పెద్దమామ కొట్టాడని రాసి ఉంటే, నేను అలా చూడలేదని అప్పుడే ఆయనకు స్పష్టంగా చెప్పండి. బోనులో అకస్మాత్తుగా చెప్పడం కంటే అది మీకూ కేసుకూ మేలు. ఆ రోజు తోడుగా మీ మరిదినే తీసుకువెళ్ళండి. దెబ్బ తిన్నవాడు అతనే కాబట్టి, మీ మాట వెనక అతను నిలబడితే ఇంట్లో మిగిలినవారు కాదనలేరు. అతను అందుకు ఒప్పుకోకపోతే మళ్ళీ రాయండి, తర్వాత ఏం చేయవచ్చో ఆలోచిద్దాం.